ప్రజాపతి పంచిన ఇటుకలు: కారణాంకాల బోధకు ఒక వైదిక ఉపాఖ్యానం

ఐదారు తరగతుల బాలబాలికలకు గణితంలో మొట్టమొదటి సూక్ష్మ విషయంగా ఎదురయ్యేది కారణాంకాల పాఠం. అంతవరకు వారికి సంఖ్య అంటే లెక్కించదగిన వస్తువుల మొత్తం మాత్రమే. ఈ పాఠంతో సంఖ్యకు అంతర్నిర్మాణం ఒకటి ఉన్నదని తెలియవస్తుంది. పన్నెండులో రెండు రెళ్లు, ఒక మూడు ఇమిడి ఉన్నాయి. పదమూడులో అటువంటిది ఏదీ లేదు. ఇంత మనోహరమైన విషయాన్ని మనం సాధారణంగా ఒక నిర్వచనంతో ప్రారంభిస్తాం. "ఒకటి చేతను, తన చేతను మాత్రమే నిశ్శేషంగా భాగింపబడేది ప్రధాన సంఖ్య" అని బాలుడు వల్లిస్తాడు. నూరు లోపల ఉన్న ఇరవై ఐదు ప్రధాన సంఖ్యలను కంఠస్థం చేస్తాడు. కాని తొంభై ఒకటి ప్రధానమా అని అడిగితే, ఎక్కాలలో కనబడలేదు గనుక అవునంటాడు. అది ఏడు పదమూళ్లు.

మన వాఙ్మయంలో ఈ పాఠాన్ని నిర్వచనంతో గాక క్రియతో ప్రారంభించిన ఒక ఘట్టం ఉన్నది. అది పాఠశాల కోసం చెప్పినది కాదు. శతపథ బ్రాహ్మణం దశమ కాండ, నాలుగవ అధ్యాయం, రెండవ బ్రాహ్మణంలో అగ్నిచయన రహస్యంగా చెప్పబడింది. ఆంధ్రదేశంలో తైత్తిరీయ శాఖకే ప్రాచుర్యం ఎక్కువ కనుక శుక్ల యజుర్వేదానికి చెందిన శతపథం మనలో చాలామందికి చెవిన పడదు. దశమ కాండకు అగ్నిరహస్యమని పేరు. ఆ భాగంలో ప్రమాణభూతుడైన ఆచార్యుడు శాండిల్యుడు. ఛాందోగ్యంలో శాండిల్య విద్యను మననం చేసినవారికి ఈ నామం కొత్తది కాదు.

ఉపాఖ్యానం ఇది. ప్రజాపతియే సంవత్సరం, సంవత్సరమే అగ్ని. ఆయనకు మూడువందల అరవై పగళ్లు, మూడువందల అరవై రాత్రులు, మొత్తం 720 జ్యోతిస్సులు. చయనంలో వాటికి ప్రతిరూపాలు చితిని చుట్టివచ్చే 360 పరిశ్రితములు, మంత్రపూర్వకంగా ఉంచే 360 యజుష్మతీ ఇటుకలు. (ఋగ్వేదంలో దీర్ఘతమ మహర్షి దర్శించిన అస్యవామీయ సూక్తం కూడా సంవత్సర చక్రంపై నిలిచిన 720 మంది పుత్రులను పేర్కొంటుంది. ఈ సంఖ్య శతపథ కాలానికే పురాతనం.) సమస్త భూతాలను సృజించిన తరువాత ప్రజాపతి రిక్తుడైనట్లు భావించి, మృత్యువుకు భయపడ్డాడు. ఈ భూతాలన్నిటినీ మరల నాలో ఎట్లు నిలుపుకొందును, వీటన్నిటికీ నేనే ఆత్మను ఎట్లు కాగలను అని చింతించాడు. అందుకై తన్ను తాను సమాన భాగాలుగా విభజించుకొనసాగాడు.

రెండు దేహాలైనాడు, ఒక్కొక్క దానిలో 360 ఇటుకలు. సఫలుడు కాలేదు. మూడు దేహాలైనాడు, ఒక్కొక్క దానిలో మూడు ఎనభైలు, అంటే 240. అప్పుడూ సఫలుడు కాలేదు. నాలుగు, ఒక్కొక్కటి 180. ఐదు, 144. ఆరు, 120. ఇక్కడ బ్రాహ్మణం ఒక్క క్షణం ఆగి, ఏడు విధాలుగా ఆయన విభక్తుడు కాలేదని చెబుతుంది. తరువాత ఎనిమిది దేహాలు, ఒక్కొక్క దానిలో 90. తొమ్మిది, 80. పది, 72. పదకొండుగా విభక్తుడు కాలేదు. పన్నెండు, 60. పదమూడుగా గాని పద్నాలుగుగా గాని కాలేదు. పదిహేను, 48. పదహారు, 45. పదిహేడుగా కాలేదు. పద్దెనిమిది, 40. పంతొమ్మిదిగా కాలేదు. ఇరవై, 36. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు, ఈ మూడింటిలో ఏ విధంగానూ కాలేదు. చివరకు ఇరవై నాలుగు దేహాలు, ఒక్కొక్క దానిలో 30 ఇటుకలు. పదిహేనవ వ్యూహమైన ఇక్కడ ఆయన నిలిచాడు.

ఒక పాఠకుడు కాగితం మీద ఈ భాగహారాలను చేసి చూస్తే ఒక్క దోషం కూడా కనబడదు. రెండు మొదలు ఇరవై నాలుగు వరకు ఉన్న ఇరవై మూడు సంఖ్యలలో 720ని నిశ్శేషంగా భాగించేవి పద్నాలుగు, భాగించనివి తొమ్మిది. ఒక్కటీ తప్పిపోలేదు, ఒక్కటీ అదనంగా చేరలేదు. విభజనకు పూర్వపు ఏకరూపాన్ని మొదటి వ్యూహంగా గణిస్తే ఇరవై నాలుగు పదిహేనవది అవుతుంది.

ఇప్పుడు దీనిని బోధలో ఎట్లు వినియోగించాలి అన్నది ప్రశ్న. దానికి ముందు ఒక జాగ్రత్త చెప్పవలసి ఉన్నది. ఈ ఘట్టాన్ని చూపి "వేదంలో ప్రధాన సంఖ్యల పట్టిక ఉన్నది" అని ప్రచారం చేయడం సులభం. అటువంటి వాక్యాలు శీఘ్రంగా వ్యాపిస్తాయి కూడా. అది యథార్థం కాదు. బ్రాహ్మణం విడిచిన తొమ్మిది సంఖ్యలు 7, 11, 13, 14, 17, 19, 21, 22, 23. వీటిలో ఆరు ప్రధానాలు. 14, 21, 22 కావు. మరొకవైపు 2, 3, 5 ప్రధానాలే అయినా స్వీకృతాలైనాయి. ఇక్కడ చెప్పబడినది 720 అనే ఒక్క సంఖ్యకు ఉన్న భాజకాల విషయమే గాని ప్రధానత్వం అనే ధర్మం కాదు. ఒక్క ఇటుకను అదనంగా చేర్చి 721 చేసి చూడండి. అంతవరకు అనుకూలించిన రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు అన్నీ విఫలమవుతాయి. నిరాకృతమైన ఏడు మాత్రం 103 చొప్పున సరిగా పంచుతుంది. ఏడు ప్రధానం కావడం దాని స్వభావం, 720లో అది ఇమడకపోవడం ఒక సంబంధం. ఈ భేదాన్ని విస్మరించి వేదానికి కీర్తి తెచ్చిపెట్టబోవడం, విని పెరిగే బాలునికి గణితంలోనూ వేదంలోనూ అశ్రద్ధను కలిగిస్తుంది. పెద్దవాడై తానే లెక్క చూసుకొన్న రోజున అతడు రెండింటినీ అనుమానిస్తాడు.

ప్రధాన సంఖ్యలను ఒక ప్రత్యేక జాతిగా గుర్తించి శాస్త్రం నిర్మించినవారు యవనులు. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ తన మూలతత్త్వ గ్రంథం ఏడవ భాగంలో వాటిని నిర్వచించాడు. తొమ్మిదవ భాగంలో అవి ఎన్ని చెప్పినా ఇంకా మిగిలే ఉంటాయని నిరూపించాడు. తరువాతి శతాబ్దిలో ఎరటోస్తనీస్ జల్లెడ వచ్చింది. మన పాఠ్యపుస్తకాలలో ఆ పేరుతోనే ఉన్న నూరు గళ్ల పట్టిక అదే. దానిని వారికి ఇచ్చివేయడంలో మనకు పోయేది ఏమీ లేదు.

మరి శతపథ ఘట్టం విలువ ఎక్కడ ఉన్నది? అది క్రమంలో ఉన్నది. ఒక్కొక్క సంఖ్యను వరుసగా గ్రహించడం, పంచి చూడడం, పంచబడనిదానిని దాచక "ఇట్లు కాలేదు" అని చెప్పడం. విఫలమైన ప్రయత్నాన్ని గ్రంథస్థం చేయడం సామాన్య విషయం కాదు. కేవలం ఫలితమే కావలసినవాడు పద్నాలుగు విభాగాలు చెప్పి ఊరుకొనేవాడు. బ్రాహ్మణకర్త ఏడును, పదకొండును కూడా పేరుపెట్టి పలికాడు. బాలుడు చేయవలసినది సరిగ్గా ఇదే.

ఇరవై నాలుగు చింతగింజలు పిల్లల ముందు పోసి సమాన వరుసలుగా పేర్చమనండి. రెండు వరుసలు, మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది, పన్నెండు, ఇరవై నాలుగు. ఐదు వరుసలకు నాలుగు గింజలు మిగులుతాయి, ఏడుకు మూడు. ఫలించినవాటిని పలకకు ఒకవైపు, ఫలించనివాటిని మరొకవైపు వ్రాయించాలి. తరువాత గింజలు ఇరవై మూడు చేయండి. ఎట్లు పేర్చినా ఒకే వరుసగా, లేదా ఒంటి గింజల నిలువు పంక్తిగా తప్ప నిలవవు. "ఇది మొండి సంఖ్య" అని వారిలో ఎవరో ఒకరు అంటారు. ప్రధాన సంఖ్య అనే పేరు అప్పుడు చెబితే, పిల్లవాడు అంతకుముందే చూసిన వస్తువుకు పేరు పెట్టినట్లు అవుతుంది. నిర్వచనం చివర రావలసినది.

ఇక్కడే ఒకటి సంగతి కూడా తేలుతుంది. ఒకటి ఎందుకు ప్రధానం కాదని పిల్లలు తప్పక అడుగుతారు. చాలామంది ఉపాధ్యాయులు "పుస్తకంలో అట్లున్నది" అని దాటవేస్తారు. ఇరవై మూడు గింజలకు రెండు పేర్పులు ఉన్నాయి, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. ఒక్క గింజకు పేర్పు ఒక్కటే. అంతకన్నా లోతైన కారణం, ఒకటిని ప్రధానంగా అంగీకరిస్తే ఏ సంఖ్య విభజనమూ ముగియదు. పన్నెండు అంటే రెండు రెళ్లు మూళ్లు అని చెప్పిన తరువాత, దానికి ఎన్ని ఒకట్లు గుణించినా పన్నెండే కదా. యవనులైతే ఒకటిని సంఖ్యగానే లెక్కించలేదు. అది సంఖ్యలకు మూలమని వారి మతం. ప్రజాపతి ఉపాఖ్యానంలోనూ ఒకటి విభాగం కాదు, విభాగానికి పూర్వస్థితి. ఈ రెండు దృష్టులను ఏకం చేసి అద్వైతం చెప్పబోవడం నా ఉద్దేశం కాదు. పిల్లవానికి ఒకటి మిగిలిన సంఖ్యల వంటిది కాదు అన్న ఆశ్చర్యం కలిగితే చాలు.

పద్నాలుగు ఎందుకు విఫలమైంది అన్నది తరువాతి మెట్టు. పద్నాలుగు రెండు ఏళ్లు. రెండుకు అభ్యంతరం లేదు. ఏడు ఇమడలేదు గనుక ఏడును మోసుకొచ్చిన పద్నాలుగూ, ఇరవై ఒకటీ ఇమడవు. ఇరవై రెండులో పదకొండు దాగి ఉన్నది. ఈ మాట తెలిసిన క్షణంలో బాలునికి పని సగం తగ్గుతుంది. 720ని అచ్ఛేద్యాల వరకు విడదీస్తే నాలుగు రెళ్లు, రెండు మూళ్లు, ఒక ఐదు లభిస్తాయి. ఈ ఏడు ముక్కలతో కూర్చగలిగినవన్నీ భాజకాలు, కూర్చలేనివి కావు. పదహారు నాలుగు రెళ్లు గనుక స్వీకృతం. ముప్పై రెండుకు ఐదవ రెండు కావాలి, అది లేదు. ఇరవై ఐదుకు రెండవ ఐదు లేదు.

అచ్ఛేద్యమనే శబ్దాన్ని ఇక్కడ బుద్ధిపూర్వకంగానే వాడాను. గీత రెండవ అధ్యాయంలో ఆత్మకు వాడిన ఆ విశేషణం పిల్లలకు సులభంగా గుర్తుంటుంది. అయితే ఉపమానాన్ని అక్కడే నిలపాలి. ఏడు మామిడిపండ్లను కత్తితో కోసి ఇద్దరికి మూడున్నర చొప్పున పంచవచ్చు. ఏడుకు ఉన్న అచ్ఛేద్యత్వం పూర్ణసంఖ్యల లోకానికి పరిమితం. ఆత్మది అటువంటి సాపేక్ష ధర్మం కాదు.

ఇక ఇరవై నాలుగు దగ్గర ప్రజాపతి ఎందుకు నిలిచాడు? గణితజ్ఞుడు ఒక సమాధానం చెబుతాడు. ఇరవై నాలుగు ముప్ఫైలు 720. దానిని దాటితే తరువాతి భాజకం ముప్ఫై. అది ఇరవై నాలుగుకు జత. ఆపై ముప్ఫై ఆరు ఇరవైకి జత, నలభై పద్దెనిమిదికి జత. అనగా ఇంతవరకు చూసిన జంటలే తిరగబడి వస్తాయి. 720 వర్గమూలం ఇరవై ఏడుకు కొంచెం తక్కువ. ఇరవై ఐదు, ఇరవై ఆరు భాగించవు. ఆ హద్దు లోపల ఉన్న భాజకాలన్నీ దొరికినాయి. పదిహేను జంటలు, మొత్తం ముప్ఫై భాజకాలు. నేటికీ ఒక సంఖ్య ప్రధానమా కాదా అని పరీక్షించే బాలుడు వర్గమూలం దాటి పోనవసరం లేదన్న సూత్రానికి హేతువు ఇదే. తొంభై ఒకటిని రెండు, మూడు, ఐదు, ఏడు అనే నాలుగింటితో పరీక్షిస్తే చాలు.

బ్రాహ్మణం చెప్పే కారణం వేరు. పదిహేనవ వ్యూహంలో నిలిచాడు గనుక చంద్రుని వృద్ధికి పదిహేను రూపాలు, క్షయానికి పదిహేను రూపాలు. ఇరవై నాలుగు దేహాలైనాడు గనుక సంవత్సరంలో ఇరవై నాలుగు అర్ధమాసాలు. ఋషి దృష్టిలో ఆగవలసిన స్థలం కాలపురుషుని అవయవాలు కనబడిన చోటు. వర్గమూలం మాట ఆయన ఎత్తలేదు. ఆయన నోట మనం పెట్టరాదు. కాని రెండు కారణాలు ఒకే స్థలంలో కలిసినాయి. ఆ కలయికను యాదృచ్ఛికమని కొట్టివేయడానికి నాకు మనసొప్పదు, సిద్ధాంతమని ప్రకటించడానికి ఆధారం లేదు.

తైత్తిరీయులకు సుపరిచితమైన చమకం పదకొండవ అనువాకాన్ని ఇక్కడ తలచుకోవచ్చు. ఒకటి నుండి ముప్పై మూడు వరకు బేసి సంఖ్యలు, తరువాత నాలుగు నుండి నలభై ఎనిమిది వరకు నాలుగవ ఎక్కం. రుద్రాభిషేకంలో ప్రతి దినం వినే బాలుడు తెలియకుండానే రెండు శ్రేఢులను ధారణ చేస్తున్నాడు. అది గుణిజాల మార్గం. శతపథానిది భాజకాల మార్గం. ఒకటి కూర్చుతూ పోతుంది, మరొకటి విడదీస్తూ పోతుంది. పాఠశాలలో ఈ రెండు పదాలనే పిల్లలు తారుమారు చేస్తారు.

శాస్త్రకాలంలో భారతీయులు ఈ విషయాన్ని అవసరం వెంట పెంచారు. క్రీ.శ. 499లో ఆర్యభటుడు చెప్పిన కుట్టకంలో రెండు సంఖ్యలను పరస్పరం భాగించే క్రియ ఉన్నది. గరిష్ఠ సామాన్య భాజకం దానిలోనే లభిస్తుంది. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో ముందుగా భాజ్యాన్ని, హారాన్ని, క్షేపాన్ని సామాన్య భాజకంతో అపవర్తనం చేయమంటాడు. భాజ్యహారాలను భాగించేది క్షేపాన్ని భాగించకపోతే ఆ ప్రశ్నయే దుష్టమని తీర్పు చెబుతాడు. పిల్లలకు ఈ మాట నేర్పడం మంచిది: సమాధానం రానప్పుడు తప్పు ప్రతిసారీ తమదే కానవసరం లేదు. 1356 నాటి గణితకౌముదిలో నారాయణ పండితుడు భాగాదానమనే ఒక అధ్యాయాన్నే కారణాంకాలకు కేటాయించి, వర్గాంతరంతో వాటిని కనుగొనే ఉపాయం చెప్పాడు. ఉదాహరణకు 1161ని తీసుకొనండి. దానికి పైన ఉన్న సమీప వర్గం 35 వర్గమైన 1225. అంతరం 64, అది ఎనిమిది వర్గం. కనుక 35లో ఎనిమిది తీసివేస్తే 27, కలిపితే 43. ఆ రెండింటి లబ్ధమే 1161. ఇదే ఉపాయాన్ని ఫ్రాన్సులో ఫెర్మా పదిహేడవ శతాబ్దిలో చెప్పాడు.

తెలుగువారికి ఇందులో ఒక సన్నిహిత బంధం ఉన్నది. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో జైనాచార్యుడు మహావీరుడు గణితసారసంగ్రహం రచించాడు. భిన్నాలను సంకలనం చేయడానికి హారాలన్నిటికీ కనిష్ఠ సామాన్య గుణిజాన్ని గ్రహించే విధానాన్ని ఆయన నిరుద్ధమనే పేరుతో బోధించాడు. ఆ గ్రంథాన్ని పదకొండవ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. జైన ప్రసంగాలున్న చోట శైవ ప్రసంగాలు నిలిపాడు. నన్నయ భారతంతో కావ్యభాష రూపొందుతున్న ఆ శతాబ్దిలోనే మన భాషకు గణితమూ అబ్బిందన్న మాట. మతం మార్చినా లెక్క మార్చలేదు, మార్చడానికి వీలు లేదు కూడా.

క.సా.గు. పాఠానికి మన పంచాంగం కన్నా మంచి పుస్తకం నాకు తోచదు. రాశిచక్రాన్ని పన్నెండు రాశులుగాను, ఇరవై ఏడు నక్షత్రాలుగాను విభజిస్తారు. పన్నెండు ఇరవై ఏడును భాగించదు; ఒక రాశికి రెండుంబావు నక్షత్రాలు వస్తాయి. మరి రెండు విభాగాలూ భంగపడకుండా ఇమిడే అతి తక్కువ భాగాలు ఎన్ని? పన్నెండు రెండు రెళ్లు, ఒక మూడు. ఇరవై ఏడు మూడు మూళ్లు. రెండింటికీ సరిపడాలంటే రెండు రెళ్లు, మూడు మూళ్లు కావాలి. వాటి లబ్ధం 108. అందుకే నక్షత్రానికి నాలుగు పాదాలు, రాశికి తొమ్మిది పాదాలు. అశ్విని నాలుగు, భరణి నాలుగు, కృత్తిక మొదటి పాదం కలిస్తే మేషం అని ఇంట్లో పెద్దలు చెప్పగా విన్న పిల్లలు ఈ లెక్కకు కన్నులు విప్పార్చుకొంటారు. జపమాల పూసలు 108 కావడానికి కారణం ఇదేనని నేను అనడం లేదు. కాని 54 పూసల మాల, 27 పూసల మాల వాడుకలో ఉండడానికి ఆ సంఖ్య విభాగసౌలభ్యం తోడ్పడుతున్నది. వంద పూసలను ఇరవై ఏడు చొప్పున పంచలేం కదా. అట్లే గురువు చక్రానికి సుమారు పన్నెండేళ్లు, శనికి సుమారు ముప్ఫై. రెండింటికీ క.సా.గు. అరవై, ప్రభవాది సంవత్సరాల ఆవృత్తి.

ప్రజాపతి కథ ఇరవై నాలుగుతో పూర్తి కాలేదు. ముప్ఫై ఇటుకల ఆ దేహాలూ ఆయనకు చాలలేదు. పగటికి పదిహేను, రాత్రికి పదిహేను ముహూర్తాలను దర్శించాడు. అహోరాత్రానికి ముప్ఫై, సంవత్సరానికి 10,800. లోకంపృణా ఇటుకల సంఖ్య అదే అని బ్రాహ్మణం చెబుతుంది. ఆపై ఋక్కులను పన్నెండు వేల బృహతులుగా వ్యూహించాడు. బృహతికి 36 అక్షరాలు గనుక అక్షరాలు 4,32,000. వాటినే నలభై అక్షరాల పంక్తులుగా పేర్చితే సరిగ్గా 10,800 పంక్తులు. (ఇది కలియుగ వర్షసంఖ్యయే అయినా ఇక్కడ యుగప్రసక్తి లేదు.) ముప్పై ఆరుతోను, నలభైతోను నిశ్శేషంగా పోయే సంఖ్యలు వెదకమని ఆరవ తరగతి పిల్లలకు ఇస్తే మొదట 360 దొరుకుతుంది, సంవత్సరంలోని అహోరాత్రాలు.

10,800ను అచ్ఛేద్యాలుగా విడదీస్తే నాలుగు రెళ్లు, మూడు మూళ్లు, రెండు ఐదులు. భాజకాలు ముప్ఫై నుండి అరవైకి పెరిగినాయి. 720లో ఇమడని ఇరవై ఐదు ఇప్పుడు 432 చొప్పున పంచుతుంది, ఇరవై ఏడు 400 చొప్పున. ఏడు మాత్రం అప్పటికీ కుదరదు. 1,542 చొప్పున పేర్చితే ఆరు ఇటుకలు మిగులుతాయి.